యుద్ధం అయ్యాక మొదలయ్యే కథ

ఇటలీ కౌబాయ్ సినిమా అంటే చాలామందికి సెర్జియో లియోనే, క్లింట్ ఈస్ట్‌వుడ్ నోట్లో చుట్ట గుర్తొస్తాయి. ఎంజో కాస్తెల్లారి 1976లో తీసిన ‘కియోమా’ వేరే బాపతు. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిశాక ఒక ఇల్లు ఏమైందన్నది దాని కథ. ఫ్రాంకో నీరో వేసిన కియోమా ఆదివాసీ తల్లి బిడ్డ. ఊచకోతలో మిగిలిన ఆ పసివాణ్ని షానన్ ఇంటికి తెచ్చి తన ముగ్గురు కొడుకులతో పాటే పెంచాడు. వాళ్లకు అతను మొదట్నుంచీ కంట్లో నలుసే. యుద్ధం నుంచి కియోమా తిరిగొచ్చేసరికి ఊరు కాల్డ్‌వెల్ ముఠా గుప్పిట్లో ఉంది, అన్నదమ్ములు ఆ ముఠాలో ఉన్నారు. ఆ ఇంటి పాత బానిస జార్జికి స్వేచ్ఛ వచ్చింది గానీ, అతను తాగుడుకు బానిసయ్యాడు. నాకు ఈ సినిమాలో అందరికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది అతనే.

అమెరికా వాళ్ల తగాదా ఇటలీకి ఎందుకు? 1943–45 మధ్య ఇటలీలోనూ ఫాసిస్టులు, వాళ్ల మీద తుపాకి పట్టిన ప్రతిఘటన దళాలు ఒకే ఊళ్లలో చంపుకున్నారు. ఆ తర్వాత మళ్లీ అవే వీధుల్లో బతకాలి కదా. సొంత ఇంటి గొడవను నేరుగా చెప్పుకోలేనివాళ్లకు టెక్సాస్ టోపీ పనికొచ్చిందనిపిస్తుంది.

తెలుగువాళ్లం ఆ టోపీని 1971లోనే తెచ్చుకున్నాం. ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, కృష్ణ గుర్రం: ‘మోసగాళ్లకు మోసగాడు’. దేవరకొండ చుట్టుపక్కల అన్ని రాతిగుట్టలుండగా షూటింగ్‌కి రాజస్థాన్ దాకా వెళ్లారు. హాయిగా చూడొచ్చు. కాకపోతే అందులో నిధి వేట ఉంది, యుద్ధం చీల్చిన ఇల్లు లేదు.

ఆ ఇల్లు తెలంగాణ సాయుధ పోరాటం నాటి నల్లగొండలో ఉంది. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం పుట్టింది కరివిరాల కొత్తగూడెంలో, భూస్వామి ఇంట్లో. కమ్యూనిస్టులు నడిపిన సంగంలో చేరి తుపాకి పట్టిన వీళ్లకు ఎదురుగా నిలిచిన దొరలు తమ వర్గం వాళ్లే. సంగం నాయకుడు రావి నారాయణరెడ్డి కూడా సొంత భూమిని పేదలకు పంచిన భూస్వామే. నిజాం, రజాకార్లు ఉన్నంతకాలం ఎవరు ఎటో తెలుసు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి ఐదు రోజుల్లో నిజాం పాలనను ముగించాక చిక్కు మొదలైంది. పట్నాలకు పారిపోయిన దొరలు సైన్యం నీడన ఊళ్లకు తిరిగొచ్చారు. వెట్టి తప్పించుకుని భూమి దున్నుకున్నవాడు మళ్లీ గడీ వైపు చూడాల్సొచ్చింది. సంగం లోపలే వాదం పుట్టింది: తుపాకి దించాలా, కొనసాగించాలా? దించాలన్నది రావి నారాయణరెడ్డి మాట. భీమిరెడ్డి వంటివాళ్లు పోరు సాగించారు. మైదానంలో నిలవలేక కొన్ని దళాలు పాలమూరు వైపు, అమ్రాబాద్ నల్లమల అడవుల్లోకి జరిగాయి. 1951 అక్టోబరులో విరమణ ప్రకటన వచ్చింది. మరుసటి ఏడే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు.

మన సినిమా ఈ కథను అసలు ముట్టుకోలేదని కాదు. బి. నర్సింగరావు నిర్మించగా గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో వచ్చింది. భారత సైన్యం రాకతో జెండా ఊపి ముగించకుండా, దొరలు తిరిగి రావడాన్నీ చూపించడం దాని ధైర్యం. ఆ తర్వాతి బతుకు మాత్రం తెర మీదకు రాలేదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది. భీమిరెడ్డి, స్వరాజ్యం మార్క్సిస్టు పార్టీకి వెళ్లారు, రావి నారాయణరెడ్డి సీపీఐలోనే ఉండిపోయారు. ఒకప్పుడు ఒకే దళానికి గంజి పోసిన ఊళ్లకు ఆ రెండు పార్టీలూ వేర్వేరు గుర్తులతో ఓట్లడగడానికి వెళ్లాయి.