పిన్ పట్టింది కదా అని పెట్టేయకండి

మోడెమ్ లైట్లు ఆరిపోగానే మనం 'మోడెమ్ పోయింది' అనేస్తాం. చాలాసార్లు పోయేది మోడెమ్ కాదు, సాకెట్‌కి వేలాడుతున్న ఆ నల్ల అడాప్టర్. ఎడపల్లి లాంటి ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. తమ్ముడు ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్స్ పెట్టుకునే చివరి రోజున నెట్ ఆగిపోతే, బస్సెక్కి బోధన్‌కో నిజామాబాద్‌కో పోవాలి. పాత మోడల్‌కి కంపెనీ అడాప్టర్ దొరకడం కష్టం. షాపులో డబ్బాలోంచి ఒకటి తీసి గుచ్చి చూసి 'పిన్ పట్టింది కదా తమ్మీ, తీస్కపో' అంటారు. కానీ పిన్ పట్టడం వేరు, అడాప్టర్ సరిపోవడం వేరు.

ముందు మోడెమ్ అడుగున ఉన్న లేబుల్ చదవండి. తర్వాత పాత అడాప్టర్ మీద 'ఔట్‌పుట్' అన్న లైన్ చూడండి. 'ఇన్‌పుట్' గోడ కరెంట్ గురించి, అది మన ఇళ్ళల్లో 230 వోల్టులు. మనకు కావాల్సింది ఔట్‌పుటే. అందులో నాలుగు విషయాలు కలవాలి.

ఒకటి, ఏసీనా డీసీనా. అడ్డగీత, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ. అల లాంటి గుర్తు ఉంటే ఏసీ. కొన్ని పాత డయల్-అప్ మోడెమ్‌లకి ఏసీ ఔట్‌పుట్ ఇచ్చే అడాప్టర్లు వచ్చేవి. దాన్ని డీసీ మోడెమ్‌కి పెడితే మోడెమ్ కాలిపోవచ్చు.

రెండు, వోల్టేజ్. ఇది కరెక్టుగా అంతే ఉండాలి. 9 వోల్టుల మోడెమ్‌కి 12 వోల్టులు ఇవ్వకూడదు.

మూడు, ఆంపియర్లు. ఇక్కడే అందరూ కన్ఫ్యూజ్ అవుతారు. మోడెమ్‌కి 1 ఆంపియర్ కావాలంటే 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టొచ్చు, ఏమీ కాదు. నిజాంసాగర్ కాలువ నిండా నీళ్ళున్నా మడి తన తూము ఎంతుంటే అంతే తీసుకుంటుంది కదా, ఇదీ అంతే. కాలువలో నీటి మట్టం వోల్టేజ్, పారే నీళ్ళు కరెంట్. కానీ 500 మిల్లీ ఆంపియర్లది, అంటే అర ఆంపియర్‌ది పెడితే అడాప్టర్ వేడెక్కుతుంది, వోల్టేజ్ పడిపోతుంది, మోడెమ్ మాటిమాటికి రీస్టార్ట్ అవుతుంది.

నాలుగు, పిన్, పోలారిటీ. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1 ఉంటుంది, 2.5 కూడా ఉంటుంది. 2.5ది 2.1 పిన్‌కి ఎక్కుతుంది కానీ లూజ్‌గా ఉండి, కదిలితే కట్ అవుతుంది. లేబుల్ మీద మధ్యలో చుక్క, చుట్టూ అరవృత్తం ఉన్న చిన్న బొమ్మ చూడండి. చుక్క నుంచి గీత ప్లస్ వైపు వెళ్తే మధ్య పిన్ ప్లస్. మోడెమ్‌లలో ఎక్కువగా ఇదే ఉంటుంది, కానీ చూడకుండా నమ్మొద్దు.

అసలు అడాప్టరే పోయిందా అని తెలుసుకోవాలంటే మల్టీమీటర్ చాలు. మన ల్యాబ్‌లో ఉన్నదే. డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ ప్లగ్ రంధ్రంలో, నల్లది బయటి లోహానికి ఆనించండి. రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తగలనివ్వొద్దు. రీడింగ్ ముందు మైనస్ వస్తే మధ్య పిన్ నెగెటివ్ అన్నమాట. సున్నా వస్తే అడాప్టర్‌దో దాని వైరుదో తప్పు. ఇంకో చిక్కుంది. ఒట్టిగా కొలిస్తే 12 చూపించి, మోడెమ్‌కి పెట్టగానే పడిపోయే అడాప్టర్లూ ఉంటాయి. లోపలి కెపాసిటర్ ముసలిదైతే ఇలా అవుతుంది. లైట్లు వెలిగి ఆరుతుంటే ముందు దీన్నే అనుమానించండి. అలాగని విప్పి చూడొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపల ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.

కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, దాంతోపాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయా చూడండి. మరీ తేలిగ్గా, ఏ గుర్తూ లేకుండా ఉన్నదాన్ని రాత్రంతా ప్లగ్‌లో వదిలేసే ధైర్యం ఎందుకు?

ఇంకో పని ఈ సెలవుల్లోనే చేసేయండి. ఇంట్లో మోడెమ్ లేబుల్ చెరిగిపోకముందే వోల్టులు, ఆంపియర్లు, పోలారిటీ ఒక చీటీ మీద రాసి మోడెమ్ మీద అతికించండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి. మనం హాస్టల్‌లో ఉన్నప్పుడు అడాప్టర్ పోతే నాన్న ఆ చీటీ షాపులో చూపిస్తే చాలు.