నడుము నొప్పి, నొప్పి మాత్ర: సీమవాళ్ళు తెలుసుకోవాల్సిన విశేషాలు

కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయేవాళ్ళు, బేతంచెర్ల, ఎర్రగుంట్ల నాప గనుల్లో బండలు ఎత్తేవాళ్ళు, ఎమ్మిగనూరు, మాధవరంలో పొద్దంతా మగ్గం ముందు కూచునేవాళ్ళు. వీళ్ళలో చాలామంది నొప్పి మాత్ర మింగి పనిలోకి దిగేవాళ్ళే. ఏళ్ళ తరబడి ఆ మాత్ర మీదే బతుకు నెట్టుకొస్తున్నవాళ్ళ కోసం, వాళ్ళ ఇంటివాళ్ళ కోసం ఈ విశేషాలు.

మూడు నెలలు దాటితే

మూడు నెలలకు మించి సాగే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. కొత్తగా తగిలిన దెబ్బ నొప్పి ఒంటికి కాపలా లాంటిది. దెబ్బ మానిపోయినా కొందరిలో నరాలు, మెదడు ఆ హెచ్చరికను ఆపవు. అప్పుడు నొప్పి నిజమే, బాధా నిజమే. వైద్యం మాత్రం వేరుగా ఉండాలి.

గసగసాలకు చుట్టం

మాంసం కూరలోకి కొబ్బరితో కలిపి నూరే గసగసాలు, నల్లమందు ఒకే మొక్క నుంచి వస్తాయి. గింజలు వంటింటికి చేరతాయి. పచ్చి కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. బలమైన నొప్పి మందు మార్ఫిన్‌ను తీసేది ఈ మొక్క నుంచే. మన దేశంలో ఈ పంటకు లైసెన్సులు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులకే ఇస్తారు.

మీ మాత్రల షీటు చూశారా?

నడుము నొప్పి చీటీల్లో కనిపించే ట్రమడాల్ ప్రయోగశాలలో పుట్టిన మందు. అయినా మెదడు మీద మార్ఫిన్ తరహాలోనే పనిచేస్తుంది. ఇలాంటి మందులన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. పారాసెటమాల్‌తో కలిపిన మాత్రగా కూడా ట్రమడాల్ దొరుకుతుంది కాబట్టి షీటు మీద చిన్న అక్షరాలు చదవాలి. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దీన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా దీన్ని అమ్మకూడదు.

ఎక్కువ మింగితే ఎక్కువ తగ్గదు

ఓపియాయిడ్‌కు ఒళ్ళు అలవాటు పడితే నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. కొందరిలో ఆ మందే నొప్పిని ఇంకా పెంచుతుంది. నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిని అమెరికాలో ఏడాదిపాటు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఓపియాయిడ్లు వాడినవాళ్ళు రోజువారీ పనుల్లో, ఓపియాయిడ్ కాని మామూలు మందులు వాడినవాళ్ళకంటే మెరుగుపడలేదు. నొప్పి కూడా మామూలు మందులవాళ్ళకే కాస్త ఎక్కువ తగ్గింది.

వెన్నులో ఒక గేటు

నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో, వెన్నుపాములో ఒక గేటు ఉంటుందని 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉండడానికి కారణం అదేనన్నారు. భయం, దిగులు ఆ గేటును బార్లా తెరుస్తాయి. ధైర్యం, మంచి నిద్ర, మనసు పట్టే పని దాన్ని మూస్తాయి. బోరు ఎండిపోయిందన్న దిగులుతో పడుకున్న రాత్రి నడుము మరింత లాగితే అది వట్టి భ్రమ అనుకోకూడదు.

గడియారం చూసి మాత్ర

అమెరికాలోని సియాటిల్‌లో విల్బర్ట్ ఫోర్డైస్ అనే మనస్తత్వవేత్త ఒక సంగతి గమనించాడు. నొప్పి లేచినప్పుడల్లా మాత్ర వేస్తుంటే, నొప్పి వెంటే మాత్ర అన్న అలవాటు ఒంట్లో బలపడుతుంది. అందుకని ఆయన నొప్పి ఉన్నా లేకున్నా గడియారం చూసి, పెట్టుకున్న వేళకే మందు ఇప్పించాడు. మోతాదు మెల్లమెల్లగా దించాడు. వ్యాయామానిదీ అదే పద్ధతి. నొప్పి వచ్చేదాకా చేయడం మానిపించి, ముందే లెక్క పెట్టుకున్నంత చేయించాడు. దీర్ఘకాలిక నొప్పికి నడవడిక పద్ధతుల మీద 1976లో ఆయన రాసిన పుస్తకం ఈ వైద్యానికి పునాది.

ఇంటివాళ్ళ మాటకూ ఆయన విలువ కట్టాడు. "నువ్వు లేయొద్దులే అత్తా, నేను చేస్తా" అన్న కోడలిది ప్రేమే. కానీ రోజూ అదే మాటైతే అత్త మంచానికి అతుక్కుపోతుంది. "పద అత్తా, మాట్లాడుకుంటా వీధి చివరిదాకా పోయొద్దాం" అంటే నొప్పికి బదులు నడకకు తోడు దొరుకుతుంది.

మంచి రోజే చెడగొడుతుంది

నొప్పి తక్కువున్న పొద్దు బుడ్డలు పీకే పనంతా ఒక్కరోజే ముగించి, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం సీమ పల్లెల్లో మామూలే. దీనికి విరుగుడు పనిని ముక్కలు చేసుకోవడం. ఎంతసేపు వంగితే నొప్పి పెరుగుతుందో రెండు మూడు రోజులు గమనించాలి. అరగంటకైతే ఇరవై నిమిషాలకే లేచి నిలబడాలి, నడుము సాగదీయాలి, నాలుగడుగులు వేసి మళ్ళీ కూచోవాలి. అది అలవాటయ్యాక కొద్దికొద్దిగా సమయం పెంచుకోవాలి. మగ్గానికీ ఇదే సూత్రం. కూలి ఇచ్చే మేస్త్రీ కూడా ఈ విరామాన్ని సోమరితనంగా చూడకూడదు.

స్కానింగ్‌లో "డిస్క్ జరిగింది"

నొప్పి అసలే లేనివాళ్ళ స్కానింగులను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఇరవై ఏళ్ళవాళ్ళలోనే దాదాపు 30 శాతం మందికి డిస్క్ ఉబ్బి కనిపించింది. రిపోర్టులో ఆ ముక్క ఉందని నడుము చెడిపోయిందని బెంగపడక్కరలేదు. కాళ్ళలో బలం తగ్గడం, మలమూత్రాలపై పట్టు పోవడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవాలి.

బెల్టు వద్దు, కదలిక ముద్దు

ఫలానా జబ్బని తేలని దీర్ఘకాలిక నడుము నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. నొప్పి గురించి వివరంగా చెప్పడం, వ్యాయామం, మనసుకు సంబంధించిన చికిత్సలు మేలన్నది. ఓపియాయిడ్లు, నడుము బెల్టులు, నడుమును లాగి పట్టే ట్రాక్షన్ అలవాటుగా వాడొద్దన్నది.

నడక లెక్క

నడుము నొప్పి తగ్గినవాళ్ళు 701 మందితో ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2024లో వెలువడింది. మెల్లగా పెంచుతూ నడక సాగించినవాళ్ళకు నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది. నడవనివాళ్ళకు 112 రోజులే. మన ఎండలకు తెల్లవారుజామే తగిన వేళ.

29కి 7

బలమైన ఓపియాయిడ్లు వాడుతున్న 608 మందితో ఇంగ్లండులో చేసిన పరిశోధన 2023లో వచ్చింది. సగం మందిని గుంపులుగా కూర్చోబెట్టి నొప్పి గురించి, మందు తగ్గించే తీరు గురించి నేర్పారు. తర్వాత నర్సు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతూ వెన్నంటి ఉంది. మిగతా సగానికి పుస్తకం, మనసుకు విశ్రాంతినిచ్చే సీడీ ఇచ్చారు. ఏడాదికి మొదటి గుంపులో 29 శాతం మంది ఓపియాయిడ్లు పూర్తిగా మానేశారు, రెండో గుంపులో 7 శాతమే. మాత్ర మానినందుకు మొదటి గుంపువాళ్ళ రోజువారీ పనులకు నొప్పి అడ్డం పెరగలేదు. నేర్పడానికి నర్సు, వినడానికి నలుగురు తోటివాళ్ళు, మోతాదు దించడానికి డాక్టరు ఉంటే చాలు. ఈ పని మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ సాధ్యమే.

నొప్పి నీళ్ళలో ఉంటే

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి 1937లో వర్ణించింది నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. కర్నూలు, కడప ప్రాంతాల్లోనూ కొన్నిచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఊళ్ళో చాలామందికి నడుము బిగుసుకుపోతుంటే నీళ్ళు పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు.

క్యాన్సర్ నొప్పి వేరు

క్యాన్సర్ ముదిరినవాళ్ళకు మార్ఫిన్ అవసరమైన మందు. "అలవాటవుతుంది" అన్న భయంతో వాళ్ళను ఏడిపించడం అన్యాయం. ఇలాంటి మందుల అందుబాటు పెంచడానికే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు.

ఒక్కసారిగా ఆపొద్దు

చాలాకాలంగా వాడుతున్న ఓపియాయిడ్‌ను ఉన్నట్టుండి మానేస్తే చెమటలు, విరేచనాలు, నిద్రపట్టకపోవడం, తట్టుకోలేని నొప్పి వస్తాయి. డాక్టరు చెప్పినట్టు వారాలు, నెలలు పట్టినా మెల్లగా దించాలి. దానితో సారాయి, నిద్రమాత్రలు కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. మాత్రకు బానిసయ్యామనిపిస్తే 14446కు, మనసు కుంగితే టెలి మానస్ 14416కు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు. ఈసారి ఆసుపత్రికి పోయేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుపోండి. వీటిలో ఏది ఓపియాయిడ్, ఏది తగ్గించొచ్చు, దాని బదులు నేను రోజూ ఏం చేయాలి అని అడగండి. ఈ మూడు ప్రశ్నలూ అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది.