స్వాతంత్ర్య సైనికుడైన గాయకుడు

బెంగళూరులో తెలుగువారు వసించు వీధులలో ప్రాతఃకాలమున నడచునప్పుడు ఏదో యొక యింటినుండి ఘంటసాలగారి కంఠమున భగవద్గీత వినవచ్చుచుండును. ఆ కంఠము నెరుగనివారు మనలో లేరు. తల్లిదండ్రులు ఆ పాటలను వినుచు పెరిగిరి. మనము వారి వలన వినుచున్నాము. కాని ఆ కంఠము గల మహనీయుడు పందొమ్మిదేండ్ల ప్రాయమున దేశముకొరకు చెరసాల కేగెననియు, ఆ చెరసాల యున్న ఊరు నేడు మన కర్ణాటక రాష్ట్రమునందే కలదనియు మనలో ఎందరికి తెలియును? ఆ సంగతిని మా తోడి విద్యార్థులకు తెలుపుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

గాయకులకును సైనికులకును గల సంబంధము క్రొత్తది కాదు. పాశ్చాత్య సంగీతమున పురుషుల గాత్రములను స్థాయినిబట్టి విభజింతురు. పైస్థాయిలో సుఖముగా పలుకు గాత్రమునకు టెనర్ అనియు, క్రిందిస్థాయిలో గంభీరముగా పలుకుదానికి బాస్ అనియు, నడిమిదానికి బారిటోన్ అనియు పేర్లు. ఇటలీ దేశీయుడగు ఎన్రికో కరూసో టెనర్ గాయకులలో అగ్రగణ్యుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆయన అమెరికాలో యుద్ధనిధుల కొరకు పాడెను. 1918లో సైనికులకు ఉత్సాహము గొలుపు గీతమును గ్రామఫోను రికార్డుగా ఇచ్చెను. మన దేశమున 1962 నాటి చైనా యుద్ధమున ప్రాణము లర్పించిన జవానులను స్మరించుచు, 1963 జనవరి 27వ తేదీన లతా మంగేష్కర్ ఢిల్లీ నగరమున కవి ప్రదీప్ రచించిన గీతమును పాడగా సభాసదులు కంట తడిపెట్టిరి.

వీరందరును సైనికుల కొరకు పాడినవారు. ఘంటసాలగారి సంగతి వేరు. వారు తామే ఆ పంక్తిలో నిలిచినవారు. ఆయుధము లేని యుద్ధమైనను అదియు యుద్ధమే కదా!

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లాలో గుడివాడ సమీపమునగల చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములను గానము చేయువారు. ఆయన కుమారుని భుజముపై కూర్చుండబెట్టుకొని తరంగములు పాడుచు నర్తించెడివారట. బాలుడు పెద్దవాడు కాకమునుపే తండ్రి స్వర్గస్థులైరి. కుమారుడు సంగీత విద్వాంసుడు కావలెనను కోరిక మాత్రము మిగిలెను.

ఆ కోరికను తీర్చుటకై బాలుడు చేతి యుంగరమును అమ్ముకొని విజయనగరమునకు చేరెను. 1919లో స్థాపితమై ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా నుండిన సంగీత కళాశాల అచ్చట కలదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఒక్క పైసయు పుచ్చుకొనక ఆ బాలునకు విద్య నేర్పిరి. విద్య లభించినను అన్నము లభింపలేదు. గురువుగారు సంపన్నులు కారు. అందుచే శిష్యుడు జోలె పట్టి యింటింట మధుకర మెత్తి కడుపు నింపుకొనెను. తరువాతి కాలమున ఎంతటి కీర్తి వచ్చినను ఘంటసాలగారు ఆ దినములను దాచుకొనలేదు. గురువుగారిని దైవమువలె కొలిచిరి.

ఇంత శ్రమచేసి విద్య సంపాదించిన యువకునకు ఏమి కావలెను? కచేరీలు, పేరు, నాలుగు రూకలు. అవి యింకను చేతికందలేదు. అంతలో 1942 ఆగస్టులో గాంధీమహాత్ముడు క్విట్ ఇండియా ఉద్యమమునకు పిలుపునిచ్చెను. ఘంటసాలగారు ఆ ఉద్యమమున పాల్గొని నిర్బంధితులై, బళ్ళారిలోని అల్లీపురము జైలున ఏడాదికి పైగా ఉండిరి.

ఇచ్చట మా పాఠకులు ఒక్క క్షణము ఆలోచింపవలెను. గాయకునకు నిత్యసాధన ప్రాణము వంటిది. ఇరువది యేండ్ల ప్రాయము గాత్రము స్థిరపడు కాలము. ఆ కాలమును చెరసాలకు సమర్పించుట యనగా తన చేతిలో నున్న ఒకే యొక ధనమును దేశమునకు ధారపోయుటయే. తిరిగివచ్చునప్పటికి గాత్రమెట్లుండునో, ఆరోగ్యమెట్లుండునో, అవకాశము లుండునో లేదో ఎవ్వరు చెప్పగలరు? పేరు పొందిన పిమ్మట త్యాగము చేయుట గొప్పయే. పేరు రాకమునుపే చేయుట ఇంకను గొప్ప.

నాడు బళ్ళారి మద్రాసు రాష్ట్రమున చేరియుండెను. తెలుగువారును కన్నడిగులును అచ్చట కలసి వసించుచుండిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటక యను పేరు వచ్చెను. కనుక ఘంటసాలగారి త్యాగము ఎక్కడనో దూరదేశమున జరిగిన కథ కాదు. మనము నిత్యము నడచు ఈ నేలకు సంబంధించినదే. ఆ ఋణమును తీర్చినట్లుగా వారు కన్నడ చిత్రములందును పాడిరి. 1956 నాటి ‘ఓహిలేశ్వర’ చిత్రమున వారు పాడిన గీతమును కన్నడిగులు నేటికిని మరువలేదు.

విడుదలయైన పిమ్మట 1944లో సావిత్రిగారితో వివాహము జరిగెను. పెండ్లి దినమున కచేరీకి పాటకు లెవ్వరును లేకుండుటచే పెండ్లికుమారుడే కూర్చుండి పాడెనని చెప్పుదురు. సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహముతో మద్రాసు చేరి, మొదట బృందగానములలో పాడుచు, చిన్నచిన్న వేషములు వేయుచు కాలము గడపిరి. 1945 నాటి ‘స్వర్గసీమ’లో భానుమతిగారితో కలసి పాడినందుకు 116 రూపాయలు పారితోషికము లభించెను.

1949లో ‘మనదేశం’ చిత్రమునకు ఘంటసాలగారే సంగీతము కూర్చిరి. అది స్వాతంత్ర్యోద్యమమును గూర్చిన చిత్రము. నందమూరి తారక రామారావుగారు పోలీసు అధికారిగా తొలిసారి తెరపై కనిపించినది అందులోనే. పోలీసుల చేత చిక్కి జైలున నుండిన యువకుడు, ఏడేండ్లు గడచిన పిదప ఆ ఉద్యమ కథకే స్వరములు సమకూర్చుట ఎంత ముచ్చట! ఆ తరువాత ‘పాతాళభైరవి’, ‘దేవదాసు’, ‘మాయాబజార్’ మొదలగు చిత్రములతో వారి పేరు ఇంటింట మారుమ్రోగెను.

వారి గొప్పదనము ఎందున్నది? మన సంగీతమున గాయకుడు తనకు తగిన శ్రుతి నెన్నుకొని మంద్ర, మధ్య, తార స్థాయిలు మూడింటను సంచరింపవలెను. ఘంటసాలగారి గాత్రము మంద్రమున గంభీరముగను, తారమున స్పష్టముగను పలుకును. పద్యమును చదువుటలో వారు క్రొత్త దారి త్రొక్కిరి. నాటకములలో నటులు పద్యముకంటె రాగమునే మిక్కుటముగా సాగదీయుచుండిరి. ఘంటసాలగారు రాగమును పద్యార్థమునకు దాసిగా చేసిరి. పదములను విరువవలసిన చోట విరిచి, రసమునకు తగిన రాగమును మితముగా వాడి, చదువురానివానికి సైతము పద్యము తెలియునట్లు పాడిరి. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ పల్లెపల్లెకు చేరుటకు వారి గాత్రమే కారణము.

1970లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో పర్యటించి అచ్చటి తెలుగువారికి తమ గానమును వినిపించిరి. ఆరోగ్యము క్షీణించిన దినములలో భగవద్గీతను పాడి, 1974 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదియొక్క యేండ్ల ప్రాయమున మద్రాసులో పరమపదించిరి. తరువాత విడుదలయైన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రమున తెలుగు వీరులను మేల్కొలుపు శ్రీశ్రీ గీతము ఘంటసాలగారి గాత్రముననే మ్రోగెను. ఆ గీతమునకు ఉత్తమ రచనగా జాతీయ బహుమానము లభించెను. స్వాతంత్ర్య సమరమున ప్రారంభమైన జీవితపు చివరి ధ్వనులలో నొకటి స్వాతంత్ర్య సమర గీతమే యగుట విధి యొక్క చమత్కారమని మాకు తోచుచున్నది.

1972 ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్యము వచ్చి ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున, కేంద్ర ప్రభుత్వము స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ఏర్పరచెను. ఆరు మాసములైనను కారాగారమున నుండిన వారును, ఆజాద్ హింద్ ఫౌజు సైనికులును దానికి అర్హులు. మొదట అల్పాదాయము గలవారికే వర్తించిన ఆ పథకమునుండి 1980లో ఆదాయపు నిబంధనను తొలగించిరి. నాడే దానికి స్వాతంత్ర్య సైనిక సమ్మాన పథకమను పేరు వచ్చెను. సత్యాగ్రహియు తుపాకి పట్టిన జవానును ఇరువురును సైనికులే యని ఆ పేరే చెప్పుచున్నది.

కనుక మా తోడి విద్యార్థులకు ఒక సూచన చేయుచున్నాము. డిసెంబరు 4 ఘంటసాలగారి జన్మదినము. సరిగా మూడు దినములకు, డిసెంబరు 7వ తేదీన, సాయుధదళముల పతాకదినము వచ్చును. 1949 నుండి దేశమంతట జరుగుచున్న ఆ దినమున చిన్న జెండాలను పంచి సేకరించిన సొమ్మును మాజీ సైనికుల, యుద్ధములలో మరణించినవారి కుటుంబముల క్షేమమునకు వినియోగింతురు. ఆ వారమున మన పాఠశాలలో ఘంటసాలగారి పాటలతో ఒక సభ జరిపి, కన్నడ మిత్రులనుకూడ ఆహ్వానించి, వచ్చిన సొమ్మును పతాకనిధికి సమర్పించిన బాగుండును. పాట పాడుటకు గాత్రము లేనివారు జెండాలు పంచవచ్చును.

ఇక మీదట ప్రాతఃకాలమున ఆ కంఠము వినవచ్చినప్పుడు, జోలె పట్టిన బాలుని, అల్లీపురమున నుండిన యువకుని ఒక్కసారి తలంచుకొందము.