పాట మధ్యలో కంప్యూటర్ ఎందుకు బిగుసుకుపోతుంది?

అన్నయ్య ఇంట్లో కంప్యూటర్‌పై పాట చేస్తున్నాడు. డప్పు, కీబోర్డు, గొంతు అన్నీ కుదిరాయి. ఉన్నట్టుండి తెర కదలదు, మౌస్ కదలదు! ఎందుకలా?

కంప్యూటర్‌కు పాటంటే అంకెలే. సాధారణంగా సెకనుకు 44,100 అంకెలు! వాటిని చిన్న చిన్న కట్టలుగా స్పీకరుకు పంపుతుంది. ఆ కట్ట పేరు బఫర్. చిన్న బఫర్ ఎలాంటిదంటే, పెళ్లి బంతిలో చిన్న గిన్నెతో సాంబారు వడ్డించే మనిషి మాటిమాటికీ వంటల దగ్గరికి పరుగెత్తాలి. కాస్త ఆలస్యమైతే విస్తట్లో సాంబారుండదు. 128 అంకెల బఫర్ సుమారు 3 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఆలోగా తర్వాతిది రాకపోతే పాట చిటపటలాడుతుంది. 1,024కు పెంచితే 23 మిల్లీసెకన్లు దొరుకుతాయి. పాడుతూ రికార్డు చేసేటప్పుడు మాత్రం చిన్నదే మేలు. లేకుంటే తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తుంది.

మరి పూర్తిగా బిగుసుకుపోతే?

ముందు వేడిని అనుమానించాలి. ఆదోని పత్తికి, ఎమ్మిగనూరు మగ్గాలకు పేరున్న ఊళ్లు. అలాంటి ఊళ్లలో, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లుల దగ్గర గాలిలో తేలే సన్నని నూగు దుమ్ముతో కలిసి, ఫ్యాను వెనక లోహపు రేకుల మధ్య అట్టకట్టవచ్చు. గాలి ఆడదు. పైగా ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఎండలు! చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీలకు చేరువైతే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది.

ప్లగ్గు తీసేసి, పెద్దవాళ్ల సాయంతో మెత్తని బ్రష్షుతో ఆ నూగును దులపాలి. పాట లేనప్పుడూ బిగుసుకుపోతుంటే మెమరీ, డిస్కు, డ్రైవర్లు (పరికరాలను నడిపించే ప్రోగ్రాములు) చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేస్తే అసలు దొంగ దొరుకుతుంది.