కొటేషన్ల మధ్య చిక్కిన వరద

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ బ్యారేజీ అంత నీటిని అంతకుముందెన్నడూ చూడలేదు. ఇలాంటి అంకెను సర్వర్లో పైథాన్ స్క్రిప్టు లెక్కగడుతోందనీ, అవనిగడ్డలో ఒక రైతు ఫోన్లో జావాస్క్రిప్టు చూపిస్తోందనీ అనుకుందాం. ఒకదాని భాష రెండోదానికి రాదు. వాటి మధ్య రాయబారం నడిపేది జేసన్ (JSON) అనే రాతపద్ధతి.

అది రాకముందు, సర్వర్లో నడిచే మరో భాష పీహెచ్‌పీలో రాసే ప్రోగ్రామర్లు విలువను నేరుగా జావాస్క్రిప్టు వాక్యం మధ్యలో అతికించేవారు. ఊరి పేరులో ఒక్క కొటేషన్ గుర్తు దొర్లినా పేజీలోని ఆ స్క్రిప్టు ఆగిపోయేది. 2001 ఏప్రిల్లో అమెరికాలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్, చిప్ మార్నింగ్‌స్టార్ అనే ప్రోగ్రామర్లు జావాస్క్రిప్టులో అప్పటికే ఉన్న రాతపద్ధతినే ఉత్తరంగా వాడి చూశారు. మొదటి ఉత్తరమే బెడిసికొట్టింది. అందులో ఒక విలువకు పెట్టిన పేరు ‘డూ’. జావాస్క్రిప్టు ఆ మాటను తన సొంతానికి దాచుకుంది. దాంతో పేర్లన్నిటికీ జంట కొటేషన్లు ఉండాల్సిందేనని నియమం పెట్టారు. 2006లో పీహెచ్‌పీ, 2008లో పైథాన్ జేసన్‌ను తమలో కలుపుకున్నాయి. 2013లో అది అధికారిక ప్రమాణమైంది.

తెలుగుతో దానికి పేచీ లేదు. పైథాన్ మామూలుగా మన అక్షరాలను యూనికోడ్ సంఖ్యలుగా మార్చి పంపుతుంది. అవతల జావాస్క్రిప్టు వాటిని మళ్లీ ‘విజయవాడ’ అనే చదువుకుంటుంది.

అసలు ప్రమాదం అంకెల దగ్గరే. జేసన్‌లో కొటేషన్ లేకపోతే అంకె, ఉంటే అక్షరాల వరస. అంకె మధ్యలో కామా కుదరదు. అందుకే మనవాళ్లు చూడముచ్చటగా 11,43,000 అని రాసి, దాన్ని కొటేషన్లలో పెట్టి పంపేస్తుంటారు. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక 5,69,000 క్యూసెక్కులకు. ఈ రెండూ అక్షరాలుగా చేరితే జావాస్క్రిప్టు నిఘంటువు వరసలో పోలుస్తుంది. మొదట 1ని, 5ని చూస్తుంది. ఒకటి చిన్నది కనుక వరద ఇంకా హెచ్చరిక స్థాయికి చేరలేదని తేలుస్తుంది! ప్రోగ్రాం ఆగదు, తప్పు చూపదు. లంక గ్రామాలకు వెళ్లాల్సిన హెచ్చరిక మాత్రం వెళ్లదు. ఆగిపోయే ప్రోగ్రాం కంటే ఇదే ఎక్కువ భయపెడుతుంది.

వరద లెక్కల పేజీలు రాసే మన కుర్రాళ్లకు ఒక్క మనవి. అంకెను కొటేషన్ లేకుండా, కామా లేకుండా పంపండి. కామాలు తెర మీద చూపించేటప్పుడు పెట్టుకోండి.