ఏ మందుకు ఏ సూక్ష్మజీవి లొంగును?

పాడి ఆవు పొదుగు వాచి, గట్టిపడి, పాలు విరిగినట్లు గడ్డలుగా వచ్చుటను పొదుగువాపు వ్యాధి అందురు. స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్, ఎషరీషియా కోలై మొదలగు బాక్టీరియాలు దీనికి కారణములు. పైకి వ్యాధి ఒకే తీరున కనిపించినను, ఒక జాతిని చంపు మందు మరియొక జాతిని చంపకపోవచ్చును. ఒకే జాతిలో సైతము కొన్ని మందుకు లొంగును, కొన్ని లొంగవు. తగని మందు వాడినచో ఖర్చు వృథాయగును, పొదుగు చెడును, లొంగని బాక్టీరియాలు మిగిలి వృద్ధిచెందును. అందుచే ప్రయోగశాలలో ముందుగా పరీక్షించుట మేలు.

ఈ పరీక్షకు మందు వేయకమునుపే పాలు తీయవలెను. చన్ను కొనను స్పిరిటుతో తుడిచి, మొదటి ధారలను విడిచి, పిమ్మట వచ్చు పాలను సూక్ష్మజీవిరహితమైన సీసాలో పట్టి మంచులో ఉంచి పంపుదురు. ప్రయోగశాలలో ఈ పాలనుండి బాక్టీరియాను వేరుచేసి పెంచుదురు.

అమెరికాలో బావర్, కర్బీ మున్నగువారు 1966లో ప్రకటించిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల బాక్టీరియాలుండునట్లు ద్రవమును తయారుచేసి, 4 మిల్లీమీటర్ల మందముగల అగర్ పళ్ళెముపై దూదిపుల్లతో పూయుదురు. దానిపై ఒక్కొక్క మందు నిర్ణీత ప్రమాణములో పట్టించిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్ళలను ఉంచుదురు. 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో 16 నుండి 18 గంటలుంచగా పళ్ళెమంతయు బాక్టీరియా పొరగా పెరుగును. పనిచేసిన మందు చుట్టు మాత్రము తేటయైన వలయము ఏర్పడును.

పెద్ద వలయమున్న మందే మేలైనదని తలచరాదు. మందులన్నియు అగర్‌లో ఒకే వేగముతో వ్యాపింపవు. కోలిస్టిన్ అణువు పెద్దదగుటచే సరిగా వ్యాపింపనే వ్యాపింపదు. అందుచే ప్రతి మందుకును వేరువేరుగా హద్దు నిర్ణయించి, కొలిచిన వ్యాసమును దానితోనే పోల్చుదురు.

ఇంకను నిక్కమైన కొలత కావలసినచో పోషక ద్రవముగల గొట్టములలో మందును 8, 4, 2, 1 మైక్రోగ్రాములుగా, అనగా సగము సగము తగ్గించుచు కలుపుదురు. బాక్టీరియా పెరుగుదలను ఆపగలిగిన అత్యల్ప ప్రమాణమే కనిష్ఠ నిరోధక గాఢత.

అయితే గాజుపళ్ళెములో గెలిచిన మందు పొదుగులో కూడ గెలువవలెనన్న నియమము లేదు. అది వ్యాధిస్థానమునకు చాలినంతగా చేరవలెను. కాని పళ్ళెములోనే ఓడిన మందు పశువులో గెలుచునని ఆశించుట తగదు. ఏ మందును విడువవలెనో నిశ్చయముగా చెప్పుటయే ఈ పరీక్షవలన కలుగు గొప్ప మేలు.