ఎముక ఆగాక కండ ఊగుతుంది

సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల్లో దుక్కి దున్నే ఎద్దును దగ్గరగా గమనిస్తే, దాని ఒంట్లో అన్నీ ఒకేసారి కదలవని తెలుస్తుంది. గిట్ట నేలను తాకగానే ముందు జబ్బ కండ అదురుతుంది. ఆ అదురు మూపురానికి చేరేసరికి కాలు అప్పటికే నిలదొక్కుకుని ఉంటుంది. గంగడోలు మరీ ఆలస్యం. తల ఇటు తిరిగినా అది ఇంకా అటే ఊగుతూ ఉంటుంది. ఒంటి మీద ఈగ వాలితే అక్కడి తోలు మాత్రమే చటుక్కున వణుకుతుంది. తోలుకు అంటిపెట్టుకుని ఉండే పల్చటి కండ పొర చేసే పని అది.

రైతు కంటికి ఇదంతా మామూలే. అదే ఎద్దును కంప్యూటర్‌లో పుట్టించి వెండితెర మీద నడిపించాలంటే ఈ ఆలస్యాలన్నిటినీ లెక్కగట్టాలి. అవి లేకపోతే ఏది తప్పో ప్రేక్షకుడు చెప్పలేకపోవచ్చు గానీ, జంతువులో ప్రాణం లేదని మాత్రం ఇట్టే పసిగడతాడు. ఒంటి బరువు తెర మీద తెలిసేది కదలిక ఆగిన తర్వాతి కొద్ది క్షణాల్లోనే.

యానిమేషన్ పాత్రకు మొదట కట్టేది అస్థిపంజరం. స్టూడియోల్లో దీన్ని రిగ్ అంటారు. దాని పైన వేలాది బిందువులతో అల్లిన చర్మం ఉంటుంది. ఏ బిందువు ఏ ఎముక వెంట ఎంత శాతం కదలాలో ముందే రాసిపెడతారు. మోచేతి దగ్గరి ఒక బిందువు 60 శాతం ముంజేతిని, 40 శాతం పైచేతిని అనుసరించవచ్చు. ఈ పనిని స్కిన్నింగ్ అంటారు. లెక్క తేలిక కాబట్టి వీడియో గేముల్లో ఇప్పటికీ ఇదే ఎక్కువగా నడుస్తోంది. చిక్కేమిటంటే, చేయి బాగా మెలితిప్పితే మణికట్టు సన్నగా నులుముకుపోతుంది. ఎముక ఆగిన క్షణానే చర్మమూ ఆగిపోతుంది.

అందుకే ఎముకకూ చర్మానికీ మధ్య కండలు పేరుస్తారు. కండ లాగగలదు గానీ తోయలేదు. అది పొట్టిగా అయినా దాని ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టే చేయి మడిస్తే జబ్బ ఉబ్బుతుంది. లెక్కలో ఈ నియమం తప్పితే పాత్ర ఒళ్లు గాలి తీసినట్టు కుంగిపోతుంది. ఎద్దు విషయంలో మరో విశేషం ఉంది. మనిషికి మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక ఎముక దానికి లేదు. ముందుకాళ్లను మొండేనికి కలిపే కీలు కూడా లేదు. అక్కడి బరువంతా కండలే మోస్తాయి. నడిచేటప్పుడు భుజపు పలక పక్కటెముకల మీద జారుతూ పైకీ కిందికీ కదులుతుంది. ఇది తెలియక భుజాన్ని ఛాతీకి గట్టిగా బిగించి రిగ్ కడితే నడక మొత్తం కొయ్యబారిపోతుంది.

ఇక ఊగడం సంగతి. గిన్నెలోని జున్నును కదిపితే గిన్నె ఆగినా జున్ను కాసేపు ఊగుతుంది. ఎంత వేగంగా ఊగుతుందో, ఎంతసేపు ఊగుతుందో మూడు అంకెలు తేల్చేస్తాయి: బరువు, గట్టిదనం, ఊపును చల్లార్చే గుణం. ఒక కిలో ద్రవ్యరాశిని మీటరుకు 400 న్యూటన్ల గట్టిదనం ఉన్న స్ప్రింగుకు కడితే అది సెకనుకు మూడుసార్లకు కాస్త పైన ఊగుతుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. అంటే ఒక్కో ఊపుకు ఏడెనిమిది ఫ్రేములు పడుతుంది. అదే స్ప్రింగుకు నాలుగు కిలోలు కడితే ఊపు సగం వేగానికి దిగి 15 ఫ్రేములు తీసుకుంటుంది.

పెద్ద జంతువులు మందంగా ఊగడానికి కారణం ఇక్కడే ఉంది. ఒక ఎద్దును అన్ని కొలతల్లోనూ రెండింతలు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది, గట్టిదనం మాత్రం రెండింతలే అవుతుంది. కాబట్టి కండ ఊగే వేగం సగానికి పడిపోతుంది. చిన్న దూడ ఊపును భారీ వృషభానికి తగిలిస్తే అది ఎంత ఎత్తున్నా తెర మీద దూడలాగే కనిపిస్తుంది.

స్ప్రింగులతో సరిపెట్టుకోలేని చోట కండను నాలుగు ముఖాల చిన్న చిన్న దిమ్మలుగా కోసి, ఒక్కో దిమ్మ ఎంత సాగింది, ఎంత నలిగింది అని లెక్కిస్తారు. సాగే వస్తువుల భౌతిక సూత్రాలను కంప్యూటర్ బొమ్మలకు అన్వయిస్తూ డెమెట్రీ టెర్జొపౌలోస్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ దారికి పునాది. లెక్కను కాలంలో ముక్కలుగా వేసుకుంటూ పోవాలి. ముక్క పెద్దదైతే, స్ప్రింగు గట్టిదైతే, ప్రతి అడుగులోనూ బిందువు ఉండాల్సిన చోటు దాటిపోతుంది. శక్తి పెరుగుతూ పోయి చివరికి పాత్ర ఒళ్లంతా ముళ్లుముళ్లుగా విరజిమ్ముకుపోతుంది. సిమ్ (సిమ్యులేషన్) పేలిపోయిందని కళాకారులు చెప్పుకునేది దీన్నే. డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ 1998లో వస్త్రాల కోసం చూపిన పద్ధతి ఈ బెడదను చాలావరకు తగ్గించింది. ఈ క్షణపు బలంతో ముందుకు దూకకుండా, రాబోయే క్షణపు బలాన్ని కూడా సమీకరణంలో కలిపి సాధిస్తారు. దాంతో పెద్ద అడుగులు వేసినా లెక్క కుదురుగా ఉంటుంది.

ఈ విద్య సిద్దిపేటకు దూరమేమీ కాదు. రాజీవ్ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు వెళ్తే హైదరాబాద్. లాస్ ఏంజెలెస్‌కు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియోకు అక్కడ శాఖ ఉండేది. ఆంగ్ లీ తీసిన 'లైఫ్ ఆఫ్ పై' (2012)లో పడవెక్కిన పులి రిచర్డ్ పార్కర్ కోసం అక్కడి కళాకారులూ పనిచేశారు. నిజం పులులను చిత్రీకరించి, వాటి కండల కదలికను, వదులు తోలు జారడాన్ని, తడిసిన బొచ్చును పక్కన పెట్టుకుని పోల్చుకుంటూ పులిని మలిచారు. సినిమాలో పులి కనిపించే షాట్లలో అత్యధికం కంప్యూటర్‌లో పుట్టినవే. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో స్టూడియో దివాలా పిటిషన్ వేయడం ఈ రంగాన్ని కుదిపేసిన విషాదం. అంత నేర్పున్న చేతులకు అంతకన్నా మెరుగైన భద్రత దక్కాల్సింది. 'అవతార్' పాత్రల కండల కోసం న్యూజిలాండ్‌లోని వెటా డిజిటల్ వాడిన 'టిష్యూ' వ్యవస్థను రూపొందించినవారికి అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కిందీ ఆ ఏడాదే.

తెలుగు సినిమా ఈ సమస్యను రెండు కొసల నుంచీ ఎదుర్కొంది. ఎస్.ఎస్. రాజమౌళి 'ఈగ' (2012)కు హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్ఎక్స్ పనిచేసి జాతీయ అవార్డు అందుకుంది. ఈగకు పెంకు బయట, కండలు లోపల. పైకి ఊగేదంటూ ఏమీ లేదు కాబట్టి ప్రాణమంతా కాళ్లు, రెక్కలు, తల తిప్పే తీరులోనే చూపాలి. మూడేళ్ల తర్వాత 'బాహుబలి: ది బిగినింగ్'లో భల్లాలదేవుడు తలపడే వృషభం దీనికి పూర్తిగా ఎదురు. అంత పెద్ద శరీరం దూసుకొచ్చి పట్టు దొరికి ఆగినప్పుడు, దాని బలాన్ని నమ్మించాల్సిన భారం మెడ, మూపురం, డొక్కల కండల మీదే పడుతుంది. ఆ చిత్రపు స్పెషల్ ఎఫెక్ట్స్‌కు వి. శ్రీనివాస్ మోహన్ జాతీయ అవార్డు అందుకున్నారు.

ఇప్పుడు ఈ లెక్కలను న్యూరల్ నెట్‌వర్కులకు నేర్పుతున్నారు. కండల సిమ్యులేషన్‌ను ముందుగా వందలాది భంగిమల్లో నడిపి, ఆ ఫలితాలతో నెట్‌వర్కుకు శిక్షణ ఇస్తే, ఫలానా భంగిమలో చర్మం ఏ ఆకారంలో ఉండాలో అది చిటికెలో అంచనా కడుతుంది. ఆట ఆడుతుండగానే పాత్ర కండలు ఉబ్బడం దీనితో సాధ్యమవుతోంది. శిక్షణలో లేని వింత భంగిమ ఎదురైతే మాత్రం అంచనా తప్పుతుంది. అప్పుడు మళ్లీ అసలు సిమ్యులేషన్ నడిపి కొత్త ఉదాహరణలు చేర్చాల్సిందే.

నేర్చుకోవాలనుకునే విద్యార్థికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో సాఫ్ట్ బాడీ అనే సౌకర్యం ఉంది. ఒక గోళాన్ని తీసుకుని బరువు, గట్టిదనం, ఊపు తగ్గించే అంకె మూడింటినీ ఒక్కొక్కటిగా మార్చుతూ పోవచ్చు. ఒక్కో ఊపుకు ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో టైమ్‌లైన్ మీద లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటే, ఒకట్రెండు సాయంత్రాల్లోనే ఏనుగు చెవికి ఏ అంకె నప్పుతుందో, కుందేలు డొక్కకు ఏది నప్పుతుందో కంటికి పట్టుబడడం మొదలవుతుంది.